రెండు పేర్లు

మానవునకు తల్లిదండ్రులు మొట్టమొదట నొసగు కానుక పేరు. పొలము లేనివానికిని పేరు కలదు. ఇల్లు లేనివానికిని పేరు కలదు. బడిలో చేరిననాడు ఉపాధ్యాయుడు తొలుత అడుగునది పేరే. అయినను మన దేశమున కొందరు బాలబాలికలకు రెండేసి పేర్లుండును. అది ముద్దుపేరు సంగతి కాదు. ఇంటిలోను ప్రార్థనామందిరములోను పిలుచు పేరొకటి. బడి పట్టికలో వ్రాయించు పేరు మరియొకటి. ఈ రెండవ పేరు ఏల కావలసివచ్చినదో తెలిసికొనినచో మన సంఘచరిత్రలో ఒక ముఖ్యభాగము తెలిసినట్లే.

నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న ఒక పాఠశాలకు జూన్ మాసమున ఒక కూలి తన కుమారుని చేర్చుటకు తీసికొనివచ్చెను. పేరడుగగా క్షణకాలము తడుముకొని ఒక పేరు చెప్పెను. మతము అనుచోట హిందువు అని వ్రాయుమనెను. తండ్రి చెప్పినట్లే వ్రాసితిని. మరునాడు ఆ తరగతి ఉపాధ్యాయుడు సెలవులో నుండుటచే నేనే హాజరు పిలిచితిని. ఆ పేరు రెండుమారులు చదివినను బదులు రాలేదు. అంతట ముందువరుసలోని బాలుడొకడు లేచి, “సారూ! వాడు ఇక్కడనే ఉన్నాడు. కాని వాని పేరు అది కాదు” అనెను. తరగతి అంతయు నవ్వినది. క్రొత్తగా చేరిన బాలుడు లేచి తల వంచుకొని నిలిచెను.

విరామకాలమున వానిని చెంతకు బిలిచి, “నీ పేరే పిలిచితిని గదా, ఏల పలుకలేదు?” అని అడిగితిని. “అది మా తాత పేరు సారూ. నన్నెవరూ అట్ల పిలువరు” అని చెప్పెను. వానిని ఇంటిలో పిలుచు పేరు బైబిలులోనిది. తండ్రి నాచేత అసత్యము వ్రాయించెనని నాకు కోపము వచ్చినది. ఆ కోపము ఎంత తొందరపాటో నాకు తెలియజెప్పినది ఒక నవల. ఆ నవలను గూర్చియే ఈ పాఠము.

నవలను గూర్చి చెప్పుటకు ముందు మన ప్రాంతమును గూర్చి ఒక మాట. గద్వాల, వనపర్తి సంస్థానములు నిజాము ప్రభువునకు లోబడియున్నను విద్యాపోషణచే పేరొందినవి. పండితులు గద్వాలను ‘విద్వద్గద్వాల’ యని కొనియాడిరి. కవులు దూరదేశములనుండి వచ్చి సభలలో సత్కారములు పొందిరి. వారి పేర్లు గ్రంథములలో నిలిచినవి. కాని ఊరికి వెలుపలి వాడలలో డప్పు కొట్టినవారి పేర్లు, చెప్పులు కుట్టినవారి పేర్లు, దొర పొలములలో వెట్టి చేసినవారి పేర్లు ఎవరును వ్రాసిపెట్టలేదు.

ఈ లోపమును గుర్తించినవారిలో మన ప్రాంతమువారే ఒకరు కలరు. నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటికాలపాడునకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారు, రాజుల యుద్ధములు మాత్రమే చరిత్ర కాదనియు, జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఎట్లు బ్రతికిరి అనునదియే అసలు చరిత్ర యనియు తలచి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను 1949లో ప్రకటించిరి. 1952లో వారు వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. వారు 1953లో స్వర్గస్థులైన పిమ్మట, 1955లో ఆ గ్రంథమునకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. తెలుగున ఆ బహుమానము పొందిన తొలి గ్రంథ మదియే.

అయితే చరిత్రకారునకు శాసనములు, కావ్యములు, దస్తావేజులు ఆధారములు. తరతరములుగా వ్రాత నేర్వనీయని జనులకు శాసనము లెక్కడివి? వారి చరిత్ర పాటలలో నుండును. వృద్ధుల నోట నుండును. దానిని వెదకి తెచ్చు పనిని కొంతవరకు నవల చేయగలదు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు చెరసాలలో నుండి వ్రాసి 1922లో ప్రకటించిన ‘మాలపల్లి’ అట్టిది. ఆంగ్లప్రభుత్వము ఆ నవలను నిషేధించినను జనులు చదువక మానలేదు. దాదాపు ఎనుబది సంవత్సరముల తరువాత, 2000లో జి. కల్యాణరావు గారి ‘అంటరాని వసంతం’ వెలువడినది. 2010లో ఇది ఆంగ్లమునకు అనువదింపబడినది. కులముచే అణచబడి, క్రైస్తవమతమును స్వీకరించిన ఒక కుటుంబముయొక్క పలుతరముల కథ యిది.

రూతు అను వృద్ధురాలు తన భర్తయైన రూబేను చెప్పిన సంగతులను స్మరించుచుండగా కథ నడచును. రూబేను తన పూర్వులు ఎవరో ఎరుగని దశలో పెరిగినవాడు. తన వారిని వెదకుకొనుచు పోగా, ఎన్నెలదిన్ని యను గ్రామమున తన మూలము తెలియవచ్చినది. రూతు వానిని జ్ఞాపకమునందు దాచుకొనినది. రచయిత కథను ఒక రాజు జననముతో గాక, ఒక ముదుసలి జ్ఞాపకముతో మొదలిడుట గమనింపదగినది. వ్రాతపత్రము లేనివారికి జ్ఞాపకమే దస్తావేజు.

రూబేను తాత పేరు ఎల్లన్న. మాలపల్లెలో పుట్టిన ఎల్లన్నకు ఆటపాటలపై మిక్కుటమైన ప్రీతి. ఉరుముల నాగన్న అను కళాకారుని వద్ద ఆ విద్య నేర్చెను. పాటలు కట్టెను. ఆ పాటలు పల్లెలలో జనుల నోట నిలిచినవి. ఊరిలోనివారు ఆటను చూచి ఆనందింతురు గాని ఆడువానిని ముట్టరు; పాటను మెచ్చుకొందురు గాని పాడువానిని గడప దాటనీయరు. ఎల్లన్న భార్య సుభద్ర. తమ పొలమునకు రావలసిన నీటికొరకు పార చేతబట్టి నిలిచిన ధీరురాలు ఆమె.

ఇట్టి కళాకారులు నవలలలో మాత్రమే కలరని తలంపవలదు. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలములోని అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య గారు దక్కలి కులమున పుట్టినవారు. పండ్రెండు మెట్ల కిన్నెర మీటుచు పండుగ సాయన్న వంటి వీరుల కథలు పాడుట వారి వంశవిద్య. భారత ప్రభుత్వము 2022లో వారికి పద్మశ్రీ పురస్కారము నొసగినది. ఒక్క మొగులయ్య గారి పేరు మనకు తెలిసినది. వారికి పూర్వము ఆ కిన్నెరను మోసిన తాతముత్తాతల పేర్లు మనలో ఎందరకు తెలియును?

ఎల్లన్న కుమారుడు శివయ్య. శివయ్య కాలమున ఘోరమైన కరువు వచ్చినది. పల్లెలో ఆకలిచే జనులు రాలిపోవుచుండగా శివయ్యయు భార్య శశిరేఖయు ఊరు విడిచిరి. సముద్రతీరమున బకింగ్‌హామ్ కాలువ త్రవ్వించుచున్నారనియు, పని దొరకుననియు విని అచ్చటికి కాలినడకను చేరిరి. అచ్చట వారిని అడిగిన తొలిప్రశ్న ‘మీరెవరు?’ అనునది. కులము తెలియగనే పని లేదని తరిమివేసిరి. మట్టి త్రవ్వుటకును కులము అడ్డువచ్చినది. ఆ నిస్సహాయస్థితిలో వారిని చేరదీసినవాడు మార్టిన్ అను క్రైస్తవ బోధకుడు. శివయ్య క్రైస్తవమతము స్వీకరించి సీమోను అయ్యెను. శివయ్య సీమోనుల కుమారుడని రూబేనును చెప్పవచ్చును. ఏలయన ఆ రెండు పేర్లును ఒక్కనివే.

ఈ ఘట్టమునకు చరిత్రలో ఆధారము కలదు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన మహాక్షామమును మన పెద్దలు ధాత కరువు అనిరి. ఆ కాలమున ఒంగోలునందు జాన్ క్లౌ అను అమెరికా దేశపు మిషనరీ యుండెను. కాలువపనులలో మాదిగవారిని బాధించుచుండుట తెలిసి, ఆయన మూడున్నర మైళ్ల కాలువపనిని తానే గుత్తకు తీసికొని, వారికి పని చూపించెను. గంజి కొరకే మతము మార్చుకొనిరని లోకులు కొందరు హేళన చేయుదురు. క్లౌ దొర ఆ మాటకు తావీయరాదని కరువుకాలమున ఎవరికిని బాప్తిస్మ మొసగలేదు. సహాయపు పనులు ముగిసిన పిమ్మటనే జనులు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారు కోరినది కేవలము అన్నమే యైనచో అన్నపు పంపకము ముగిసిన పిమ్మట వచ్చియుండరు. తమ్మును మనుష్యులుగా చూచువాని ప్రక్కన నిలువవలెనని వారు కోరిరి.

మన ప్రాంతమునందును ఇట్టి చరిత్ర కలదు. 1889లో రష్యా దేశమునుండి అబ్రహాం ఫ్రీసెన్ అను మెన్నొనైట్ మిషనరీ బయలుదేరి వచ్చి నల్లగొండలో పని ప్రారంభించెను. అమెరికాలోని మెన్నొనైట్ బ్రదరన్ సంఘమువారు 1899లో హైదరాబాదునకు వచ్చిరి. ఇరువదవ శతాబ్దపు తొలి దశకమున నాగర్‌కర్నూలునందును, అటుపిమ్మట వనపర్తియందును వారి కేంద్రములు వెలసినవి. గద్వాల, మహబూబునగరములలోని కేంద్రములను 1937లో బాప్టిస్టు మిషను వారినుండి స్వీకరించిరి. ఆ కేంద్రముల చెంత పలక పట్టినవారిలో అనేకులు అంతకుముందు ఏ బడిగడపయు త్రొక్కని కుటుంబములవారు. వారి పిల్లలకు యాకోబు, యోహాను, మరియమ్మ, రూతు మున్నగు పేర్లు వచ్చినవి.

క్రొత్త పేరునకు ఒక విలువ యుండెను. పూర్వము ఈ వాడలవారి పేర్లను ఊరివారు పూర్తిగా పలికెడివారు కారు. బాలయ్య అని పేరున్నను ‘బాలిగా’ యని పిలుచుట ఆచారమై యుండెను. తెలియని భాషనుండి వచ్చిన పేరును విరిచి పిలుచుట అంత సులభము కాదు. బోధకుడు ఆ పేరుతో ఆదరముగా పిలుచుచుండగా, మొదటిసారిగా తన పేరు పూర్తిగా వినినవాని సంతోషమెంతయో ఊహింపుడు.

అయితే పేరు మారిన తరువాత ఏమైనది? ‘అంటరాని వసంతం’ ముఖ్యముగా అడుగు ప్రశ్న యిదియే. శివయ్య సీమోను అయ్యెను. కాని ఊరివారి కన్నులకు సీమోను శివయ్యగనే యుండెను. వాడ అదే, పని అదే, ఊరిబావి వద్ద దూరమదే. మతము మార్చుకొనినవాడు తన మనస్సును మార్చుకొనగలడు. ఎదుటివాని మనస్సును మార్చలేడు. అంతేకాదు, అగ్రకులములనుండి ఆ మతమునకు వచ్చినవారు తమతోపాటు కులమును గూడ తెచ్చుకొనిరి. ఒకే ప్రార్థన చేయువారిలోను వివాహముల యొద్ద కులభేదము నేటికిని కనుపించుచున్నది. ఈ సంగతిని రచయిత దాచలేదు. తాను ఆదరముతో చిత్రించిన సమాజములోని లోపమును గూడ చెప్పుట మంచి నవలాకారుని లక్షణము. కథాంతమున ఆ కుటుంబములోని పిన్నతరమువారు విప్లవోద్యమమున చేరుదురు. ఆ మార్గమును గూర్చి పాఠకులలో భిన్నాభిప్రాయములు కలవు. అంతవరకు వచ్చిన వేదనను గూర్చి భేదాభిప్రాయమునకు తావు లేదు.

ఇక చట్టము సంగతి. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగములోని 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది. 1955లో అంటరానితనమును శిక్షించు చట్టము వచ్చినది. 1985 జూలై 17న కారంచేడులో దళితులపై జరిగిన దాడికి మూలము వారు త్రాగు చెరువునీటిని కలుషితము చేయుటపై పుట్టిన వివాదము. అందు ఆరుగురు దళితులు హతులైరి. ఇట్టి ఘోరములను అరికట్టుటకు 1989లో మరింత కఠినమైన చట్టము చేయబడినది. నవలలో సుభద్ర పార పట్టినదియు నీటికే. కారంచేడు వివాదము పుట్టినదియు నీటియొద్దనే.

1950లోనే షెడ్యూల్డు కులముల జాబితాను నిర్ణయించుచు రాష్ట్రపతి ఉత్తరువు వెలువడినది. హిందువులు కానివారు ఆ జాబితాలోనికి రారని అందు నియమము చేసిరి. తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవులకును ముస్లిములకును ఆ స్థానము లభింపలేదు. తెలుగు రాష్ట్రములలో క్రైస్తవమతము స్వీకరించిన దళితులను వెనుకబడిన తరగతులలోని ‘సి’ వర్గమున చేర్చిరి. షెడ్యూల్డు కులములకు 15 శాతము స్థానములుండగా ఈ వర్గమునకున్నది 1 శాతము. క్రైస్తవమున కులము లేదు గావున కులముచే కలిగిన కష్టమునకు పరిహార మెందులకని ఒక వాదము. కులము గ్రంథములో లేకున్నను ఊరిలో నున్నది గదా యని రెండవ వాదము. నవల ఈ రెండవ పక్షమున సాక్ష్యము చెప్పుచున్నది.

నా కార్యాలయమునకు వచ్చిన ఆ తండ్రి క్షణకాలము ఏల తడుముకొనెనో ఇప్పుడు మీకు బోధపడియుండును. కుమారునికి తాను ప్రీతితో పెట్టిన పేరు వ్రాయించినచో వసతిగృహములో చోటు, విద్యార్థివేతనము దక్కునో లేదో! వ్రాయింపనిచో తన విశ్వాసమును దాచుకొన్నట్లగును. ఆ రెండింటి మధ్య నిలిచి, కుమారుని చదువు కొరకు తన తండ్రి పేరును తెచ్చి పట్టికలో నుంచెను. పట్టికలో ఉన్నది ఉన్నట్లు వ్రాయుట యుక్తమని ఉపాధ్యాయుడనైన నేను నేటికిని చెప్పుదును. కాని ఒక తండ్రిని అట్టి సంకటమున నిలువబెట్టిన తప్పు ఆ తండ్రిది మాత్రము కాదు.

ఆ కుటుంబమువారును శివయ్యవలె వలసపోయినవారే. పాలమూరు కూలీలనిన దేశమంతటను తెలిసినదే. పంటలు లేని కాలమున మేస్త్రీ వద్ద ముందుగా సొమ్ము తీసికొని, పిల్లాపాపలతో ఆనకట్టల పనులకు, కాలువల పనులకు, పట్టణములలోని కట్టడములకు పోయెడివారు. కృష్ణానదిపై నిలిచిన నాగార్జునసాగరమునందును ఇట్టి కూలీల చెమట కలదు. ఏ రాతిపైనను వారి పేర్లు లేవు. మీ ఇండ్లలోని పెద్దలను అడిగిచూడుడు. వారిలో ఎవరో ఒకరు ఇట్టి పనికి పోయివచ్చినవారే యగుదురు.

తరగతిలో జరిగిన సంగతికి నేను చేయగలిగినది స్వల్పమే. పట్టికలోని పేరును మార్చు అధికారము నాకు లేదు. అయినను నోటితో పిలుచుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. మరునాడు హాజరులో ఆ బాలుని తాతపేరు చదివి, వెంటనే వాని సొంతపేరును పిలిచితిని. “ఉన్నాను సారూ!” యని గట్టిగా పలికెను. తరగతిలో ఎవరును నవ్వలేదు. నాటినుండి ఉపాధ్యాయులందరును అట్లే పిలిచిరి.

కొన్ని సంవత్సరముల పిమ్మట ఆ బాలుడు పదవతరగతి ఉత్తీర్ణుడై పత్రము తీసికొనుటకు వచ్చెను. దానిని రెండుచేతుల పట్టుకొని కొంతసేపు చూచి, నవ్వుచు, “మా తాత పాసైనట్లున్నది సారూ! ఆయన బడి మొగమే చూడలేదు” అనెను. నేనును నవ్వితిని. వాడు వెడలిన పిమ్మట మాత్రము ఆ మాట చాలసేపు నన్ను విడువలేదు.

విద్యార్థులారా! మీరు పెద్దవారైనప్పుడు ‘అంటరాని వసంతం’ చదువుడు. రూతు తన భర్తవంశమును జ్ఞాపకముంచుకొన్నట్లు మీరును మీ పెద్దల పేర్లను, వారు చేసిన పనులను, వారు విడిచిన ఊళ్లను అడిగి వ్రాసికొనుడు. మీ తరగతిలో ఎవరికైనను రెండు పేర్లున్నచో నవ్వకుడు. ఏ పేరుతో పిలిచిన అతనికి ఇష్టమో అడిగి, ఆ పేరుతోనే పిలువుడు.

ప్రశ్నలు

1. క్రొత్తగా చేరిన బాలుడు హాజరు పిలిచినప్పుడు ఏల పలుకలేదు?

2. సురవరం ప్రతాపరెడ్డి గారు చరిత్రను గూర్చి ఏమని తలచిరి?

3. శివయ్య సీమోను ఎట్లయ్యెను? పేరు మారిన పిమ్మట అతని జీవితమున మారినదేమి, మారనిదేమి?

4. గంజి కొరకే మతము మార్చుకొనిరను హేళనకు ఈ పాఠమునందు చెప్పిన సమాధానమేమి?

5. “మా తాత పాసైనట్లున్నది సారూ!” — ఈ మాటలోని భావమును వివరింపుడు.

6. మీ ఇంటిలోని ఒక వృద్ధుని లేక వృద్ధురాలిని అడిగి, వారు పనికై పోయిన ఊళ్లను గూర్చి పది వాక్యములు వ్రాయుడు.